మొదటి సెమిస్టర్‌లో తప్పిన వారికి కౌన్సెలర్ ఒక్కరే చాలరు

సూరత్ శివార్లలోని కడోదరా, పల్సానా ప్రాంతమంతా బట్టల మిల్లులే. సూరత్ మగ్గాలను నమ్ముకుని వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడుపుతోంది. అలాంటి ఇంటి నుంచి, తెలుగులోనో గుజరాతీలోనో చదువుకుని ఇంజినీరింగ్‌లో చేరే విద్యార్థికి లెక్కలకంటే ముందు ఇంగ్లిష్ పాఠం అడ్డుపడుతుంది. హైదరాబాద్, విజయవాడ కార్పొరేట్ కాలేజీల నుంచి వచ్చేవారి చిక్కు వేరు. నాలుగు ఆప్షన్లలో సరైనది పట్టుకోవడంలో రెండేళ్లు ఆరితేరి, ఇప్పుడు జవాబును మెట్టు మెట్టుగా రాసి నిరూపించాలి. కారణాలు వేరైనా, తప్పిన రోజున ఇద్దరూ అనుకునేది ఒకటే: ‘నాకు తెలివి లేదు’.

విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటూ మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దంది. అదే ఏడాది మార్చిలో ఉన్నత విద్యాసంస్థల్లో ఆత్మహత్యల నివారణకు జస్టిస్ రవీంద్ర భట్ నేతృత్వంలో టాస్క్‌ఫోర్స్‌నూ నియమించింది.

ఇవన్నీ అవసరమే. అయితే తప్పిన సంగతి ఇంట్లోనే దాచే కుర్రాడు కౌన్సెలర్ తలుపు తడతాడా? అతను తప్పకుండా ఎదురుపడేది లెక్కల మాస్టారికే. మొదటి మిడ్ పేపర్లు దిద్దగానే, తక్కువ వచ్చినవారిని విడివిడిగా పిలిచి, ఎక్కడ ఆగిపోయారో జవాబుపత్రంలోనే చూపిస్తే సెమిస్టర్ చివరికి ఇంకా సమయం ఉంటుంది. ఏఐసీటీఈ చెప్పిన మూడు వారాల ఇండక్షన్‌లో ఉపన్యాసాలు కొన్ని తగ్గించి, ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం చదవడం, జవాబు రాయడం నేర్పినా మేలే. అదే సబ్జెక్టు నిరుడు సప్లీలో గట్టెక్కిన సీనియర్, టాపర్ కన్నా మంచి గురువు కావచ్చు.

తల్లిదండ్రులకూ ఒక సంగతి తెలియాలి. క్యాంపస్ నియామకాల్లో చాలా కంపెనీలు అడిగేది అప్పటికి మిగిలి ఉన్న బ్యాక్‌లాగ్‌ల గురించి. మొదటి ఏడాది తప్పి, తర్వాత పాసైన పేపర్‌తో దారులన్నీ మూసుకుపోవు. పన్నెండు గంటల షిఫ్ట్ చేసి ఇంటికొచ్చే తండ్రికి ఈ మాట కాలేజీయే, అతని భాషలో, ఫలితాలు వచ్చిన వారంలోనే ఫోన్ చేసి చెప్పాలి.