డిశ్చార్జి తర్వాతి పని ఎవరిది?

పక్షవాతం వచ్చిన మనిషి ప్రాణం నిలబెట్టడం మన పెద్దాసుపత్రులకు బాగానే వచ్చింది. ఇంటికెళ్లాక ఆ మనిషి అన్నం ఎలా కలుపుకుంటాడు, లుంగీ ఎలా కట్టుకుంటాడు, దొడ్డికి ఎలా వెళ్తాడు అన్నది మాత్రం ఇంకా ఎవరికీ పట్టని సంగతిగానే ఉంది. ఆక్యుపేషనల్ థెరపిస్టులం చదువుకున్నది దానికోసమే. 1950లో బొంబాయి కె.ఈ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ ఈ చదువుకు మన దేశంలో తొలి బడి పెట్టారు. ఏడు దశాబ్దాలు దాటినా జిల్లా ఆసుపత్రికి వచ్చే రోగికి మేమెవరమో తెలియదు. చాలాచోట్ల మేం అక్కడ ఉండం కదా, ఎలా తెలుస్తుంది?

నేను కార్పొరేట్ ఆసుపత్రి స్ట్రోక్ వార్డులో, పిల్లల థెరపీ సెంటర్‌లో, మానసిక ఆసుపత్రిలో పనిచేశాను. ఇప్పుడు అనకాపల్లి చుట్టుపక్కల ఇళ్లకు వెళ్తున్నాను. ఎక్కడ చేసినా మొదట అడగాల్సింది ఒకటే: రేపు పొద్దున లేచి ఈ మనిషి ఏమేం చేసుకోవాలి? వార్డులో కూర్చుని దీనికి జవాబు చెప్పలేం. అక్కడ ఎత్తు సరిచేసుకునే మంచం, గోడకు కమ్మీలు, కమోడ్ ఉంటాయి. ఇంట్లో ఎత్తయిన గడప, నులకమంచం, పెరటి చివర నేలమీద దొడ్డి.

కుడిచెయ్యి పడిపోయినవాళ్లతో మొదటి పేచీ అన్నం దగ్గరే. ఎడంచేత్తో తినమని చెప్పడం సులువు. పెళ్లి పంక్తిలో కూర్చుని తినగలరా? నేను చూసిన ఒక రైతు ఆ సిగ్గుతోనే చుట్టాల ఇళ్లకు వెళ్లడం మానేశాడు. చెంచా కాడకు సైకిలు ట్యూబు చుట్టి లావు చేసి, కుడిచేతికే పట్టించాం. ముద్దపప్పు అన్నం గట్టిగా కలిపి మొదలుపెట్టాం, చెంచాకి అంటుకుని ఉంటుందని. చారన్నం చివరికి వచ్చింది.

ఇంకో ఇంట్లో ఇడ్లీ బండి నడిపిన ఆవిడ. ఎడంవైపు పడిపోయింది. రబ్బరు బంతి నొక్కమని చెప్పి ఆసుపత్రి నుంచి పంపేశారు. వంటింట్లోకి వెళ్లి చూస్తే కత్తిపీట కనిపించింది. ఒంటిచేత్తో చాకు వాడాలంటే కూరగాయ కదలకుండా పట్టేది ఇంకొకటి కావాలి, మేకులు దిగిన పలకలు ఇస్తాం అందుకే. కత్తిపీటకు ఆ బెడద లేదు, కత్తి నిలబడే ఉంటుంది. కానీ కింద కూర్చుంటే ఆమె ఒక పక్కకు ఒరిగిపోతోంది. ఊళ్లో వడ్రంగిని పిలిచి, మోకాలెత్తు బల్లకు కత్తిపీటను బోల్టులతో బిగించాం. చేతులున్న కుర్చీ వేశాం. ఎడంచేతికి స్పర్శ లేదు కనుక దాన్ని బల్ల అంచున, కత్తికి దూరంగా, తన కంటికి కనిపించేలా పెట్టుకోమన్నాను. ముందు బెండకాయలిచ్చాను. ‘‘ఉండండి మేడం, పచ్చిమిరపకాయలు కూడా నేనే తరుగుతాను’’ అంది. ఇప్పుడు బండి కొడుకు నడుపుతున్నాడు, చట్నీ ఆమెదే. ఆ ఇంటికి వెళ్లకపోతే నేనూ ఇంకో బంతి ఇచ్చి వచ్చేదాన్ని.

పిల్లల సెంటర్లలో ఉయ్యాలలకూ పెద్ద బంతులకూ నేను వ్యతిరేకిని కాను. ఆటిజం ఉన్న బిడ్డ కోసం ఊరొదిలి, నగరంలో గది అద్దెకు తీసుకుని, ముప్పావుగంట సెషన్ల కోసం అప్పులు చేస్తున్న తల్లిదండ్రులను చూశాను. ఆ ముప్పావుగంటా తల్లి తలుపు బయటే కూర్చుంటుంది. తల్లిని లోపలికి పిలవని సెంటర్‌ను నేను నమ్మను. అరబకెట్ నీళ్లు మొక్కల దాకా మోయించడం, చపాతీపిండి పిసికించడం, చొక్కా బొత్తాలు తనచేతే పెట్టించడం, ఇవన్నీ థెరపీయే. మిగతా రోజంతా వాటిని చేయించేది ఆ తల్లే. మానసిక ఆసుపత్రిలోనూ అంతే. లోపల థెరపీగా కవర్లు చక్కగా అంటించగలిగినవాళ్లు, బయట బస్సెక్కి చిల్లర లెక్క చూసుకోలేక బెదిరిపోయేవారు.

చట్టాలకు కొదవ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అనుబంధ ఆరోగ్య వృత్తులపై వచ్చిన 2021 చట్టం మా వృత్తినీ జాతీయ కమిషన్ కిందికి తెచ్చింది. రిజిస్టరులో పేరెక్కితే నకిలీలు తగ్గుతారు, సంతోషం. పోస్టులు మాత్రం ప్రభుత్వమే ఇవ్వాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఉండాలి, వాళ్లలో ఒకరి డ్యూటీ ఇళ్ల దగ్గర ఉండాలి. వడ్రంగికీ, కమ్మీలకూ కొంత డబ్బు చేతిలో ఉండాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టులు వెళ్లి పిల్లలను చూస్తున్నారు. అక్కడికి మమ్మల్నీ పంపవచ్చు.

ఫిజియోథెరపిస్టులు ఉన్నారుగా అంటారు. వాళ్లు కాలు నడిపిస్తారు, వాళ్లు లేకపోతే నా పని మొదలే కాదు. ఆ కాలు గడప దాటి దొడ్డి దాకా వెళ్లి, అక్కడ కూర్చుని లేవడం నేను చూసుకోవాల్సింది. ఇళ్లకు తిరిగితే రోజుకు తక్కువమందినే చూస్తామన్నదీ నిజమే. వార్డులో చూసేవాళ్లలో నాలుగోవంతు కూడా చూడలేం. అయితే అత్తగారిని దొడ్డికి తీసుకెళ్లడానికి ఇంట్లో ఉండిపోయిన కోడలు ఎన్ని రోజుల ఉపాధి కూలి పోగొట్టుకుందో కూడా లెక్కలో వేయాలి.

పోస్టులు వచ్చేలోగా రోగి బంధువులు ఒక పని చేయవచ్చు. డిశ్చార్జికి ముందే ఇంట్లో మంచం, దొడ్డి, వాకిలి మెట్లు, గడప ఫోనులో ఫొటోలు తీసుకెళ్లండి. వార్డులో డాక్టరుకో థెరపిస్టుకో వాటిని చూపించి, ఇక్కడ ఈయన ఎలా కూర్చోవాలి, ఎలా లేవాలి అని అడగండి. చేసి చూపించమనండి, చూపించాకే ఇంటికి బయల్దేరండి.