మట్టికోటకు హద్దురాయి ఎక్కడ?

ఖిలా వరంగల్ అనగానే కళ్లముందు నిలిచేవి కీర్తి తోరణాలు. రాష్ట్ర రాజముద్రలోకి ఎక్కిందీ ఆ తోరణమే. వాటి చుట్టూ రాతికోట ఉంది. దాని ఆవల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రంగా తిరిగే మట్టికోట, దాన్ని ఆనుకుని అగడ్త ఉన్నాయి. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతి ప్రాకారాన్ని ఎత్తు పెంచి పూర్తిచేసిన రుద్రమదేవే మట్టి ప్రాకారాన్నీ కట్టించిందని చరిత్రకారుల మాట. కానీ మన లెక్కలో మట్టికోట ఎప్పుడూ పేద చుట్టమే. రాతిగోడలో రాయి ఊడితే వార్త అవుతుంది; అగడ్త పూడిపోయినా, వానకు కట్ట కోసుకుపోయినా, దారి కోసం ఎవరో గండి కొట్టినా అడిగేవాడుండడు.

మట్టి గోడ చేతకాక కట్టింది కాదు. పాకాల, రామప్ప చెరువులకు కట్టలు పోసిన కాకతీయుల కాలానికి మట్టి బలం బాగా తెలుసు. అగడ్త తవ్విన మట్టే కట్ట అవుతుంది. లోతూ ఎత్తూ ఒక్క పనితోనే వస్తాయి. యంత్రాలు విసిరే రాళ్ల దెబ్బకు రాతిగోడ పగులుతుంది, మట్టికట్ట ఆ దెబ్బను మింగేస్తుంది. రాతికోటకు కూడా లోపలివైపు వీపు కాసేది మట్టికట్టే, పైన రాతిమెట్లు పరిచారంతే. 1310 ముట్టడి గురించి రాసిన ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో, ఆ మట్టిగోడకు తగిలిన రాళ్లు ఎగిరి వెనక్కి పడేవన్నాడు. శత్రుపక్షం ఇచ్చిన యోగ్యతాపత్రమది. చివరికి గోడ పట్టుబడింది కదా అంటారా? నిజమే, అదీ వారాల తరబడి పోరాడాకే. 1323లో రాతికోటా పడింది. అందుకని దాన్ని వదిలేశామా?

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి: అక్కడ తరతరాలుగా జనం ఉంటున్నారు, వాళ్లనేం చేస్తారని. కోటలో ఊరుండటం కొత్తేమీ కాదు, ఉన్నవాళ్లను లేపమనడం న్యాయమూ కాదు. కొత్తగా కట్టను తవ్వనివ్వకపోవడం, అగడ్తను పూడ్చనివ్వకపోవడం వేరే సంగతి. మట్టి ఎలాగూ కరిగిపోతుందన్న వాదన అయితే మరీ తేలిక: ఏటా చెరువుకట్టల మీద చేసే పనే ఇక్కడా సరిపోతుంది. గడ్డి పట్టించాలి, వాననీటికి దారి చూపాలి, వేళ్లు పెద్దవి కాకముందే చెట్లు తీయాలి. ప్రాచీన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషేధం. కాబట్టి ఆ హద్దు ఎక్కడన్నదే అసలు ప్రశ్న. కొలత తోరణాల దగ్గరో రాతిగోడ దగ్గరో కాదు, అగడ్త బయటి గట్టు నుంచి మొదలవ్వాలి.