ఊరిపేరు చూచి పట్టుకొనుట ఇంకెన్నాళ్లు?

రాష్ట్ర హోంశాఖామాత్యులకు వ్రాయునది.

గతమాసమున ఒక పట్టణములో ఎవరి ఇంటనో బంగారము పోగా, మరునాటి వేకువనే పోలీసులు అద్దెగదిలో నిద్రించుచున్న మా ఎరుకల యువకులిద్దరిని లేపి, ఆధార్ కార్డుమీద స్టువర్టుపురమను మా ఊరిపేరు కనబడినంతనే జీపెక్కించి, ఠాణాలో పది వ్రేళ్ల ముద్రలును గైకొని, పొద్దుగూకిన పిమ్మట ‘పిలిచినప్పుడు రావలెను’ అని పంపివేసిరి. ఒకడు తాపీపని చేయువాడు; రెండవవాడు డిగ్రీ విద్యార్థి. ఆ రాత్రియే ఇంటి యజమాని గది ఖాళీ చేయుమనెను.

1871 నాటి నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి విస్తరించిన వృత్తాంతమును, బాపట్ల చేరువను సాల్వేషన్ ఆర్మీవారి పాలనలో స్టువర్టు దొర పేరిట మా ఊరు వెలసిన విధమును తామెరుగనివి కావు. సముద్రతీరమునుండి మెట్టసీమలకు గాడిదలపై ఉప్పును, అచ్చటినుండి ధాన్యమును మోసి బ్రతికిన మావారి వర్తకమును రైలుమార్గములును సర్కారువారి ఉప్పువిధానమును హరింపగా, బుట్టలల్లుకొను వెదురును అడవిచట్టములు అందనీయకపోగా, తెరువుచెడిన ఆ జనమునే పుట్టుదొంగలని పట్టీకెక్కించి, వ్రేలిముద్రలు గొని, చీటీ లేనిదే పొలిమేర దాటరాదనిరి. 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయ్యెను. పిదప 1962లో మన రాష్ట్రమున అలవాటు నేరస్థుల చట్టము వచ్చెను. అది వ్యక్తి చేసిన నేరములను చూడవలసినది. ఠాణాలవారు నేటికిని పుట్టుకనే చూచుచున్నారు.

నేరస్థజాతుల చట్టమునుండి విడివడిన మావంటి విముక్తజాతులవారిని యథేచ్ఛగా నిర్బంధింపరాదని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు పోలీసులను ఆదేశించెను గదా! ఆ ఆదేశము ఆ ఠాణాకు చేరలేదా? చేరియు ఎవరును చదువలేదా? ఏ నేరమును మోపకయే గైకొన్న ఆ ముద్రలిప్పుడు ఏ దస్త్రములో నున్నవి? రేపు మరియొక ఇంట మరియొక నగ పోయిన, మరల ఆ బిడ్డల తలుపే తట్టుదురా? వీధివారి యెదుట పోయిన పరువును ఎవరు తెచ్చి యిత్తురు?

మా ఊరిపేరును దొంగలకు ముడిపెట్టి సినిమాలు తీసిననాడు మొరపెట్టుకొంటిమి. ఊరిపేరు వినినంతనే పనికి వలదన్ననాడును మొరపెట్టుకొంటిమి. ఎన్నిమారులని చెప్పుకొందుము? ఇక ఓపిక లేదు.

మేము దయాభిక్ష నడుగుట లేదు. నేరము చేసినవాడు మావాడైనను శిక్షింపుడు. చేయనివానిని కులము చూచి, ఊరు చూచి పట్టుకొనకుడు. ఈ అన్యాయము మరల జరుగకుండుటకు తగిన ఉపాయమును తామే ఆలోచించి, శీఘ్రముగ ఆచరణలో పెట్టవలెనని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
స్టువర్టుపురవాసియగు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు