ఓడిపోవడానికి కాదు మేం టికెట్ కొన్నది: శాక్రమెంటో తెలుగు అభిమానుల ప్రణాళిక

ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు శాక్రమెంటో కింగ్స్ సీజన్ టికెట్లు కొని, ఫోల్సమ్ నుంచి, రాంచో కార్డోవా నుంచి, రోజ్‌విల్, ఎల్క్ గ్రోవ్‌ల నుంచి పని దిగి నేరుగా ఆటకు వచ్చి, గొంతు పోయేదాకా అరిచే తెలుగువాళ్లం మేం. మొన్నటిదాకా ఈ ఊళ్లోని ఒక భారతీయ అభిమానుల సంఘంలో సభ్యులం. మంగళవారం రాత్రి నుంచి కాదు. ఎందుకు కాదో, ఇకమీద మేం దేనికి నిలబడతామో ఈ కాగితంలో చెబుతున్నాం.

ఆదివారం రాత్రి ఆల్-స్టార్ ఆట ముగిసీ ముగియకముందే డిమార్కస్ కజిన్స్‌ను న్యూ ఆర్లీన్స్‌కు ఇచ్చేశారు. మంగళవారం సంఘం సమావేశమైంది. బల్ల మీద అప్పటికే ఒక ఉత్తరం సిద్ధంగా ఉంది. యాజమాన్యానికి కృతజ్ఞతలు, కొత్త ఆటగాళ్లకు స్వాగతం, అంతే. ఏడేళ్లు ఈ జట్టును మోసినవాడి పేరు అందులో ఒక్కచోటా లేదు. అతని పేరు రాయమన్నాం. ప్లేఆఫ్స్ సంగతేమిటని ఒక్క ప్రశ్న చేర్చమన్నాం. ఒక పెద్దాయన లేచి, "బాబూ, మనవాడి టీమును మనమే రచ్చకీడ్చుకుంటామా?" అన్నారు. ఇంకొకరు వచ్చే ఏడాది మన పండగ రాత్రికి ఇచ్చే సీట్ల గురించి గుర్తు చేశారు. మూడో మాట అడగబోతే మైకు తీసేసుకున్నారు. అక్కడితో బయటికి వచ్చేశాం.

"మనవాడు" అన్న ఆ మాటకు ముందు జవాబు చెప్పాలి. వివేక్ రణదివే ముంబయిలో పుట్టారు. ఎన్‌బీఏ జట్టుకు ప్రధాన యజమాని అయిన మొదటి భారతీయుడు. 2013లో సియాటిల్ వాళ్లు ఈ జట్టును ఎగరేసుకుపోబోతే, యజమానుల ఓటింగులో 22-8తో ఆ ప్రయత్నం వీగిపోయాక జట్టును కొని ఇక్కడే నిలబెట్టిన బృందానికి ఆయన పెద్ద. ఆ రోజు మేం ఎంత సంబరపడ్డామో మా ఇళ్లలో అందరికీ తెలుసు. సిమ్ భుల్లర్‌కు పది రోజుల ఒప్పందం ఇచ్చి, భారత సంతతి కుర్రాణ్ని మొదటిసారి ఎన్‌బీఏ కోర్టు మీద నిలబెట్టినప్పుడూ మురిసిపోయాం. ఆ మంచి ఏదీ మరచిపోలేదు. అయితే మనవాడైనంత మాత్రాన నోరు మూసుకోవాలా? బయటివాణ్ని అడగడానికి మొహమాటపడొచ్చు. మనవాణ్ని అడగడానికి మొహమాటమెందుకు? మేం అడుగుతాం. తెలుగులోనే అడుగుతాం, మా ఇంటి పిల్లలకు అర్థమయ్యేలా.

ఇచ్చిందేమిటో, పుచ్చుకున్నదేమిటో చూడండి. ఈ సీజన్‌లో ఆటకు 27.8 పాయింట్లు, 10.6 రీబౌండ్లు సాధిస్తున్న సెంటర్‌ను ఇచ్చాం. ఒమ్రి కాస్పీని కూడా కలిపి ఇచ్చాం. బదులుగా వచ్చింది బడ్డీ హీల్డ్, టైరీక్ ఎవాన్స్, లాంగ్‌స్టన్ గాలోవే, డ్రాఫ్ట్‌లో ఒక మొదటి రౌండ్ పిక్, ఒక రెండో రౌండ్ పిక్. వచ్చినవాళ్లకు చోటు చాలదని ఈ ప్రాంతంలోనే పెరిగిన మ్యాట్ బార్న్స్‌ను తీసేశారు. హీల్డ్ మీద మాకు ఏ కోపమూ లేదు. గురువారం అతను కోర్టు మీదికి వస్తే చప్పట్లు కొడతాం. ఎవాన్స్ ఒకప్పుడు మన దగ్గరే రూకీ ఆఫ్ ది ఇయర్ అందుకున్నవాడు, తిరిగి వచ్చినందుకు సంతోషమే. మా కోపం ఈ బేరం చేసినవాళ్ల మీద.

జట్టు జనరల్ మేనేజర్ వ్లాడె డివాట్స్ గారూ, మిమ్మల్నే అడుగుతున్నాం. ఈ నెల మొదటి వారంలో కజిన్స్‌ను ట్రేడ్ చేయబోమని చెప్పింది మీరే. రెండు వారాలు గడవకుండానే ట్రేడ్ చేశారు. ఆపైన, రెండు రోజుల ముందు ఇంతకంటే మంచి బేరం ఉండిందని కూడా మీరే అన్నారు. ఉంటే ఎందుకు వదిలేశారు? ఇక్కడే రిటైర్ అవుతాను, నా చొక్కా ఈ పైకప్పుకు వేలాడాలి అని అతను ఎన్నిసార్లు చెప్పాడో ఈ ఊరంతా విన్నది. ఆటగాళ్లతో లీగ్ చేసుకున్న కొత్త ఒప్పందం ప్రకారం ఈ వేసవిలో అతనికి అయిదేళ్లకు దాదాపు 209 మిలియన్ డాలర్లు ఇవ్వగలిగేది మన జట్టు ఒక్కటే. ట్రేడ్‌తో ఆ హక్కు అతనికి పోయింది. అంత సొమ్ము ఇవ్వడం మీకు ఇష్టం లేకపోతే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పొచ్చు. 1996లో లేకర్స్ మిమ్మల్ని షార్లెట్‌కు ఇచ్చేసి కోబీ బ్రయంట్‌ను తెచ్చుకున్నప్పుడు, లాస్ ఏంజిలిస్ వదలడం కంటే ఆట మానేస్తానన్నారు మీరు. సొంత ఊరనుకున్న చోటు నుంచి పంపేస్తే ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పాలా?

నడవడిక ముఖ్యం అంటున్నారు. నిజమే, కజిన్స్ కోపిష్టి. 16 టెక్నికల్ ఫౌళ్లు నిండి ఈ నెలలోనే ఒక ఆటకు దూరమయ్యాడు. ఒక విలేకరి మీద విరుచుకుపడినందుకు 50 వేల డాలర్ల జరిమానా కట్టాడు. అవి తప్పులే, మేం వెనకేసుకు రావడం లేదు. కానీ నడవడికను కొలిచే కర్ర ఆటగాడికి ఒకటి, ఆఫీసుకు ఒకటి ఉండకూడదు. ఏడు సీజన్లలో ఆరుగురు కోచ్‌లు: వెస్ట్‌ఫాల్, స్మార్ట్, మలోన్, కార్బిన్, కార్ల్, యేగర్. ఒక ఇరవై ఏళ్ల కుర్రాడు ఎవరి మాట విని పెరగాలి? 2014 డిసెంబరులో అతను వైరల్ మెనింజైటిస్‌తో మంచాన పడి ఉంటే, అతను గౌరవించిన కోచ్ మైకేల్ మలోన్‌ను 11-13 దగ్గర పీకేశారు. అది నడవడికేనా? ఇదే ఊళ్లో క్రిస్మస్‌కు పిల్లలను దుకాణానికి తీసుకెళ్లి బొమ్మలు కొనిచ్చినవాడు, ఓ హైస్కూలు కుర్రాడు కాల్పుల్లో పోతే చప్పుడు లేకుండా అంత్యక్రియల ఖర్చు భరించినవాడు కజిన్స్. ఆ నడవడిక ఏ లెక్కలో వేశారు?

సంఘంలో మాతో వాదించినవాళ్లు ఒక మాట అన్నారు: అతను సస్పెండ్ అయిన రాత్రి బోస్టన్‌ను ఓడించాం కదా, అతను లేకపోయినా ఆడగలం కదా అని. ఒక రాత్రి ఎవరైనా గెలుస్తారు. అతను తిరిగొచ్చాక లేకర్స్ మీద 97-96తో గెలిచిన రాత్రి 40 పాయింట్లు కొట్టింది ఎవరు? డిసెంబరులో పోర్ట్‌లాండ్ మీద 55 కొట్టి, ఆటలోంచి పంపేసినా తిరిగి పిలిపించుకుని గెలిపించింది ఎవరు? రూడీ గే జనవరిలో అకిలీస్ తెగి సీజన్‌కే దూరమయ్యాక కూడా ఈ జట్టు కుంగిపోలేదంటే ఎవరి వల్ల?

ఇప్పుడు అసలు మాట. మా ప్రణాళికలో ఒక్క కోరిక మిగిలితే చాలు అనుకుంటే ఇదే మిగలాలి: ఈ సీజన్ ప్లేఆఫ్స్‌కు దారిచ్చే ఎనిమిదో స్థానం కోసం ఆడండి. నిజంగా ఆడండి.

ట్రేడ్ జరిగిన రోజు మన లెక్క 24 గెలుపులు, 33 ఓటములు. ఎనిమిదో స్థానంలో ఉన్న డెన్వర్ 25-31. మధ్య దూరం ఒకటిన్నర ఆట. ఇంకా 25 ఆటలు మిగిలున్నాయి. విరామానికి ముందు ఆడిన చివరి అయిదింటిలో నాలుగు గెలిచాం. 2006లో శాన్ ఆంటోనియో చేతిలో ఆరో ఆటలో పోయాక ఈ ఊరు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. వరసగా పది సీజన్లు. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు మా ఇళ్లలో అయిదో తరగతి చదువుతున్నారు. వాళ్లకు మన ఒకప్పటి స్టార్ వెబర్ అంటే టీవీలో మాట్లాడే మనిషి. 2002 ప్లేఆఫ్స్‌లో లేకర్స్ మీద ఆరో ఆటలో ఏం జరిగిందో మేం చెబితే నమ్మరు. ఓటమి వాళ్లకు వాతావరణం లాంటిదైపోయింది, దాని గురించి కోపం కూడా రావడం లేదు. మాకు భయమంతా అక్కడే.

ఎనిమిదో స్థానం దక్కినా గోల్డెన్ స్టేట్ చేతిలో నాలుగాటల్లో పోతాం కదా అంటారు. పోతాం. పోనివ్వండి. ఏప్రిల్‌లో రెండు రాత్రులు ఈ ఊళ్లో ప్లేఆఫ్ ఆట జరుగుతుంది. పాత ఆర్కో అరీనాలో మోగిన ఆవు గంటలు ఈ కొత్త కట్టడంలో ఒకసారైనా మోగుతాయి. ఆ రెండు రాత్రుల కోసం పదేళ్లు ఆగినవాళ్లకు వాటి విలువ తెలియదా?

ఎందుకు ఆడరో మాకు తెలుసు. తెలుసు కాబట్టే ఈ కోరిక ముందు పెడుతున్నాం. ఈ ఏటి మొదటి రౌండ్ పిక్ మొదటి పదిలో పడితేనే మనది, దాటితే షికాగోది. అంటే గెలిస్తే పిక్ పోతుంది, ఓడితే మిగులుతుంది. ఈ ఉచ్చు ఎవరు పన్నారు? మన ఆఫీసే, 2011లో. 2015 వేసవిలో మళ్లీ అదే ఆఫీసు జీతాల పట్టికలో ఖాళీ కోసం స్టాస్కాస్‌ను, లాండ్రీని, థాంప్సన్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చి, పైన ఒక భవిష్యత్తు మొదటి రౌండ్ పిక్, రెండేళ్లు పిక్‌లు మార్చుకునే హక్కూ ధారపోసింది. ఆ అప్పులు తీర్చడానికి ఇప్పుడు మా సీజన్‌ను తాకట్టు పెడతారా? భవిష్యత్తు, భవిష్యత్తు అంటూ పదేళ్లుగా మొదటి పదిలో పిక్‌లు తెచ్చుకుంటూనే ఉన్నాం. 2010లో అయిదో పిక్‌తో వచ్చిన ఒక్కడు ఆల్-స్టార్ అయ్యాడు. ఆ ఒక్కణ్నే ఆదివారం పంపేశారు. ఇక ఏ కుర్రాడు ఎంత బాగా ఎదిగితే ఉంచుకుంటారు? ఓటమి ఒక పథకం కాదు. ఓటమి పెట్టుబడి కాదు. ఓటమి ఓటమే.

డేవ్ యేగర్‌కు పైనుంచి ఏ సైగా రాకూడదు. కాలిసన్, కూఫోస్, టెంపుల్, అఫ్లాలో ఆరోగ్యంగా ఉన్న రోజు ఆడాలి. లేని మడమ నొప్పులూ లేని నడుం నొప్పులూ గాయాల జాబితాలో కనబడకూడదు. యువ ఆటగాళ్లను ఎదగనివ్వండి, కాదనం. గెలుపు కోసం ఆడే నాలుగో క్వార్టర్‌లోనే ఎవరైనా ఎదుగుతారు.

ఈ మాట అడిగే హక్కు మాకు టికెట్ వల్ల మాత్రమే రాలేదు. గోల్డెన్ 1 సెంటర్ కట్టడానికి శాక్రమెంటో నగరం 255 మిలియన్ డాలర్లు పెట్టింది. పార్కింగ్ రాబడి చూపించి అప్పు తెచ్చింది. డౌన్‌టౌన్‌లో మీటర్‌లో నాణెం వేసే ప్రతి మనిషికీ, బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియని అవ్వకు కూడా, ఈ జట్టులో వాటా ఉంది. ఊరి సొమ్ముతో కట్టిన ఇంట్లో కావాలని ఓడిపోవడం ఊరికి చేసే ద్రోహం.

మేం కలలు కంటున్న శాక్రమెంటో వేరు. లీగ్ మొత్తానికి, ఓడితే లాభం అనే ఈ పద్ధతి సిగ్గుచేటని మొదట చెప్పే నగరం మనది కావాలి. పెద్ద సముద్రం లేదు, హాలీవుడ్ లేదు, ఆటగాళ్లు తమంతట తాము వచ్చే ఊరు కాదు. అందుకే వచ్చినవాణ్ని నిలబెట్టుకునే ఊరు కావాలి. న్యూయార్క్ వదులుకున్నవాడు, లాస్ ఏంజిలిస్ పట్టించుకోనివాడు ఇక్కడికొచ్చి వెలగాలి. ఎల్క్ గ్రోవ్‌లో గ్యారేజీ ముందు రింగు కట్టుకుని చీకటి పడేదాకా ఆడే మా పిల్లలు ఇంకో ఊరి చొక్కా అడగని రోజు రావాలి. ఫైనల్స్ ఈ గడ్డ మీద జరగాలి. ఈ జట్టు రోచెస్టర్‌లో ఉండగా 1951లో గెలిచిన ట్రోఫీకి తోడు ఇంకొకటి ఈ నది ఒడ్డుకు రావాలి. అది వస్తుంది. అబద్ధాలు చెప్పే ఆఫీసుతో మాత్రం రాదు.

మిగతావి క్లుప్తంగా. కజిన్స్ 15వ నంబరు చొక్కాను ఇంకెవరికీ ఇవ్వకండి. నాలుగు, పదహారు, ఇరవై ఒకటి వేలాడే పైకప్పుకు అదీ చేరాలి. ఆ ఇరవై ఒకటి మీదే, డివాట్స్ గారూ, మీరే ఎక్కించండి. రెండేళ్లలో జట్టు బాగుపడకపోతే తప్పుకుంటానని అన్నారు కదా, ఆ మాట గుర్తుపెట్టుకుంటాం. నగరం పెట్టిన సొమ్ముకు తగ్గట్టు, జట్టు పెద్దలు ఏడాదికి ఒకసారి టికెట్‌దారుల ముందు బహిరంగంగా కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ముందే ఏరిన ప్రశ్నలకు కాదు.

మేం విడిపోయిన సంఘంలోని అన్నలకు, అక్కలకు: తలుపులు మూసుకున్నది మీరు, మేం కాదు. పండగ రాత్రి సీట్లు మీరే ఉంచుకోండి. మా పిల్లలు పై వరసలో కూర్చుని అరుస్తారు.

గురువారం డెన్వర్ వస్తోంది. మనం పీకేసిన మైకేల్ మలోన్ ఇప్పుడు డెన్వర్ కోచ్, మనకు కావలసిన ఎనిమిదో స్థానం ఇప్పుడు అతని చేతిలో ఉంది. ఆ ఆట గెలిస్తే దూరం అర ఆటకు తగ్గుతుంది. అందరూ రండి. 15వ నంబరు చొక్కా ఉన్నవాళ్లు అదే వేసుకోండి, లేనివాళ్లు ఊదా రంగేదైనా వేసుకోండి. ఇంట్లో పాత ఆవు గంటలుంటే వెతికి పెట్టుకోండి. కొత్తగా వచ్చిన ఏ ఆటగాణ్నీ ఎవరూ ఎగతాళి చేయకూడదు. వచ్చే సీజన్ టికెట్ల పునరుద్ధరణ కాగితాల మీద, ఈ సీజన్ చివరి ఆట దాకా గెలవడానికే ఆడతామన్న మాట యాజమాన్యం నుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా, మాలో ఎవరూ సంతకం పెట్టరు.

ఫోల్సమ్, రాంచో కార్డోవా, రోజ్‌విల్, ఎల్క్ గ్రోవ్ తెలుగు టికెట్‌దారులు
శాక్రమెంటో, 2017 ఫిబ్రవరి 22