కార్తీక వాన – వనభోజనం

కార్తీకమాసం తెలుగువారికి వనభోజనాల మాసం. ఆదివారమో, సెలవు దినమో చూసుకొని బంధుమిత్రులందరూ ఊరి వెలుపలి తోటకు వెళ్ళి, ఉసిరిచెట్టును పూజించి, ఆ నీడన వండుకొని సహపంక్తి భోజనం చేయడం తరతరాల ఆచారం. పట్టణ జీవనం విస్తరించిన తరువాత ఈ ఆచారానికి మరొక ప్రయోజనం చేకూరింది. నాలుగు గోడల మధ్య గడిపేవారు ఏడాదికొక్కసారైనా పల్లెకు వెళ్ళడానికి ఇదొక సందర్భమైంది. అయితే పల్లెకు వెళ్ళడం వేరు, పల్లెను చూడడం వేరు. ఈ భేదాన్ని తేటతెల్లం చేసేది కార్తీకంలో కురిసే వాన.

తెనాలి నుంచి గుంటూరు వెళ్ళే రైలుమార్గంలో అంగలకుదురు దాటిన తరువాత వచ్చే ఊరు సంగం జాగర్లమూడి. అక్కడ సంగమేశ్వరస్వామి ఆలయం ఉంది. చుట్టూ కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణి. కార్తీకంలో దైవదర్శనానికీ, చెట్లనీడ విందుకూ ఇటువంటి ఊళ్ళకు పట్టణాల నుంచి ఎందరో వస్తారు. ఇంతలో మబ్బు కమ్మి జల్లు మొదలైతే వారి ముఖాలు చిన్నబోతాయి. పొయ్యి రాజుకోదు. పరచిన జంపఖానా తడిసిపోతుంది. పిల్లల ఆటలు ఆగిపోతాయి. పులిహోర గిన్నెతో ఏ వసారాలోనో తలదాచుకొని, సెలవంతా పాడైపోయిందని నిట్టూరుస్తారు. ఆ నిరాశ సహజమే. కాని ఎదుటి పొలం గట్టుమీద అదే మబ్బును చూస్తూ మరొక మనిషి నిలబడి ఉంటాడు. అతని నిట్టూర్పుకు కారణం వేరు.

ఆషాఢ శ్రావణాలలో నాటిన సార్వా వరి కార్తీకం నాటికి కంకుల బరువుతో తల వంచుతుంది. బాపట్లలో రూపొందిన సాంబమసూరి వంటి సుమారు 150 రోజుల పంట కోతకు వచ్చేది ఈ రోజుల్లోనే. అప్పుడు గాలివాన వస్తే పైరు నేలకొరుగుతుంది. నీటిలో నానిన గింజ కంకిమీదనే మొలకెత్తుతుంది. కోసి పరచిన పనలు తడిస్తే నష్టం మరీ ఎక్కువ. గట్లు తెగగొట్టి నీరు తీయాలి. మొలక రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి పనలపై చల్లాలి. వాటిని తిరగవేసి ఆరబెట్టాలి. ఇంత శ్రమించినా తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి చిక్కే. విహారానికి వచ్చినవారికి పోయేది ఒక పూట. రైతుకు పోయేది ఒక పంట. కౌలురైతుకైతే అప్పు కూడా మిగులుతుంది.

కార్తీక వాన జల్లుతోనే ఆగుతుందన్న హామీ లేదు. 1977 నవంబరు 19న దివిసీమనూ, రేపల్లె తీరప్రాంతాన్నీ ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్న ఉప్పెన కార్తీకంలోనే వచ్చింది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుఫాను కూడా కార్తీకంలోనిదే. కోతకు సిద్ధంగా ఉన్న వరిని అది నేలమట్టం చేసింది.

సెలవునాటి వాన ఇంగ్లండులో నిత్యపరిహాసం. 1871లో చట్టం ద్వారా ఏర్పడిన బ్యాంకు సెలవులకు వానతో చుట్టరికం ఉందని అక్కడివారే నవ్వుకొంటారు. అయినా రబ్బరు బూట్లు తొడుక్కొని పొలాల మధ్య కాలిబాటల వెంట నడుస్తారు. మెచ్చదగిన అంశం మరొకటి ఉంది. పల్లెసీమలకు వెళ్ళేవారి కోసం 1951లోనే అక్కడ ఒక ప్రవర్తనా నియమావళి వెలువడింది. పంటచేలలో బాట తప్పకూడదు, దడులు పాడుచేయకూడదు, చెత్త వదలకూడదు, నీటిని కలుషితం చేయకూడదు, గ్రామజీవనాన్ని గౌరవించాలి అన్నవి అందులోని సూత్రాలు. పల్లె విహారస్థలం కావడానికి ముందు కొందరి జీవనస్థలమన్న గుర్తింపే వీటికి మూలం.

అలాగైతే రైతు కష్టాన్ని తలచుకొని విందు మానుకోవాలా అని కొందరు ప్రశ్నించవచ్చు. అక్కరలేదు. ఆనందం అపరాధం కాదు. అతిథులు వస్తే పల్లె సంతోషిస్తుంది కూడా. కావలసింది అతిథి మర్యాద. తిన్న విస్తళ్ళనూ, ప్లాస్టిక్ గ్లాసులనూ కాలువలోకి విసరరాదు. ఆ నీటితోనే దిగువ పొలాలు పండుతాయి. కళ్ళంలో కారు నిలపరాదు. రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం మీదుగా వాహనం పోనీయరాదు. చినుకు మొదలైనప్పుడు వసారాలోకి పరుగెత్తేముందు, ధాన్యపు రాశిపై పట్టా కప్పుతున్నవారికి ఒక చేయి అందించాలి. ఆ పని నేర్వడానికి పాఠ్యగ్రంథం అవసరం లేదు. పట్టా రెండవ కొస పట్టుకొంటే చాలు. పెద్దలు అలా చేయగా చూసిన పిల్లలకు అన్నం ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పనవసరం ఉండదు.

సంస్కృతంలో ‘ధాత్రి’ అనే పదానికి ఉసిరిక అనీ, భూమి అనీ, తల్లి అనీ అర్థాలున్నాయి. చెట్టు రూపంలోని ధాత్రికి పసుపు కుంకుమలు అర్పించినవారు, నేల రూపంలోని ధాత్రిని నమ్ముకొన్నవాని వైపు కన్నెత్తి చూడకపోతే ఆ పూజ సగంలో ఆగినట్లే. పట్టా కొస పట్టుకొన్న చేతులు తడిసినంత మాత్రాన సెలవు పాడైనట్లు కాదు. ఆనాటి వనభోజనం అప్పుడే సార్థకమైనట్లు.