చలికాలంలో బండి పడితే

మార్గశిరం వచ్చిందంటే మన కోలారు జిల్లాలో తెల్లవారుజాము చలి ఎట్లా వుంటుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. సముద్రమట్టానికి 800 మీటర్లకు పైనున్న నేల గదా! 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన తరువాత మన పిల్లలలో ఎందరో బెంగుళూరు ఉద్యోగాలకు చీకటితోనే బయలుదేరుతున్నారు. స్టేషను వరకు మోటారు సైకిలు, అక్కడినుంచి రైలు. ఆ బండి మూలబడితే ఆనాటి జీతం పోయినట్లే. అందుచేత పడిన బండిని గురించి ఈ నెల ముచ్చటిస్తాము.

మొదట, పడకుండా చూడడం. రాత్రి మంచుకు తడిసిన మట్టిలో సైడు స్టాండు మెల్లగా దిగబడుతుంది. దానికింద ఒక పలకరాయి వేస్తే చాలు. మొదటి గేరులో వుంచితే బండి ముందుకు జారదు. పెద్ద స్టాండు వున్న బండికి అదే మేలు. పైన కప్పిన టార్పాలిను వదులుగా వుంటే గాలికి తెరచాపలాగా పొంగి బండినే పడదోస్తుంది. కాబట్టి తాడుతో బిగించి కట్టాలి.

ఇక పడనే పడిందనుకోండి. ముందు తాళం తిప్పి ఇంజను ఆపాలి. పెట్రోలు కాకు వుంటే మూయాలి. చుట్టుపక్కల ఎవరైనా చలిమంట వేసుకున్నారేమో, బీడీ కాలుస్తున్నారేమో చూడాలి. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు; నేలనంటి పాకుతూ మంటదాకా పోగలదు. ఈ ఒక్క జాగ్రత్త బండి కోసం కాదు, ప్రాణం కోసం.

లేపేటప్పుడు నడుము వంచి లాగరాదు. కుడివైపు పడివుంటే ముందే సైడు స్టాండు తీసి వుంచి, సీటుకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి, కాళ్ల బలంతో వెనక్కు నెట్టుతూ లేపాలి. ఇంకొకరి సాయం అడగడం నామోషీ కాదు.

లేపగానే కిక్కు కొట్టే తొందర వద్దు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో నూనె పక్కకు పారి గాలి ఫిల్టరులోకి పోయి వుండవచ్చు. చలికి నూనె చిక్కబడుతుంది గనుక తిరిగి కిందికి దిగడానికి ఎక్కువ సేపు పడుతుంది. పది నిమిషాలు నిలువుగా వుంచి, నూనె మట్టం చూసి, కిక్కు చేత్తో మెల్లగా నొక్కి చూడాలి. గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయక ప్లగ్గు విప్పించాలి. మొదట కాస్త పొగ వస్తే భయం లేదు. ఆగకుండా వస్తుంటే మెకానిక్కుకు చూపాలి. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బి.ఎస్.6 బళ్లలో చాలావాటికి ఒరిగితే ఇంజను ఆపే సెన్సారు వుంటుంది. అవి స్టార్టు కాకపోతే తాళం ఒకసారి మూసి తెరిస్తే చాలా మట్టుకు సరిపోతుంది.

తరువాత లివర్లు. క్లచ్చి, బ్రేకు లివర్లు అల్యూమినియం పోతపోసినవి. వంగినదాన్ని సుత్తితో సరిచేస్తే పైకి కనబడని చీలిక పడుతుంది. అది విరిగేది రోడ్డుమీద, బ్రేకు వేసిన క్షణంలో. కొత్త లివరు ఖర్చుకు వెనుదీయరాదు. లివరు పట్టీ బోల్టును మరీ బిగించక, గట్టిగా కొడితే తిరిగేటంతగా వుంచితే, పడినప్పుడు లివరు విరగక పక్కకు తిరుగుతుంది. ఇండికేటర్లు, పక్క మూతలు ప్లాస్టిక్కువి. చలికి పెళుసెక్కి చిన్న దెబ్బకే పగులుతాయి.

ఇనుప భాగాల సంగతి వేరు. మైసూరులో 1961 నుంచి తయారైన జావాలు, వాటి తరువాతి ఎజ్డీలు మన పేటల్లో ఇంకా అక్కడక్కడ తిరుగుతున్నాయి. వాటికి గేరు లివరే కిక్కరు కూడా, అదీ ఎడమవైపున. ఆ వైపు పడి లివరు వంగితే స్టార్టు చేయడం, గేరు మార్చడం రెండూ కష్టమే. దాన్ని బండికి వుండగానే గొట్టం దూర్చి వంచితే లోపలి షాఫ్టు చెడుతుంది. విప్పి తీసి, కాల్చి సరిచేయించాలి. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవద్దు.

ఇంజను మూత చీలి నూనె కారుతుంటే ఎం-సీల్ వంటి రెండు ముద్దల మందు తాత్కాలికంగా ఆదుకుంటుంది. ముందు నూనె జిడ్డు పూర్తిగా తుడిచి, గరుకు కాగితంతో రుద్దాలి. చలిలో ఈ మందు ఆలస్యంగా గట్టిపడుతుంది గనుక మధ్యాహ్నపు ఎండలో పూసి, మర్నాటిదాకా బండి కదపకపోవడం మంచిది. శాశ్వతంగా కావాలంటే ఆర్గాన్ వెల్డింగే.

పాత రకం బ్యాటరీనుంచి యాసిడ్ ఒలికితే వంటసోడా కలిపిన నీటితో, తరువాత మంచినీటితో కడగాలి. రంగు లేచిన చోట మంచు తడి చేరి కొద్దిరోజుల్లోనే తుప్పు మొదలవుతుంది. గీత చిన్నదైనా రుద్ది, ప్రైమరు పూసి, రంగు వేయాలి. సయనైడ్ దిబ్బల దుమ్ము ఎగిరివచ్చే వీధుల్లో వుండేవారు ముందు నీళ్లతో కడిగి ఆరనిచ్చి మరీ రుద్దాలి. పొడిగా తుడిస్తే ఆ ఇసుకే కొత్త గీతలు గీస్తుంది.

చివరగా ముందుచక్రం, హ్యాండిలు ఒకే వరసలో వున్నాయా, రెండు బ్రేకులూ పట్టుతున్నాయా అని వీధి చివరిదాకా మెల్లగా నడిపి చూడాలి. ఈ పరీక్ష తేలకుండా పిల్లవాణ్ణి స్టేషనుకు పంపవద్దని తల్లిదండ్రులకు మా మనవి. రైలు తప్పితే ఇంకొక రైలు వుంటుంది.

వచ్చే నెల గొలుసు, దాని నూనె గురించి.