గుడ్లు వేయించేటప్పుడు తెలుస్తుంది

సత్రంలో వైన్ తిత్తులు చిరిగి గదంతా ఎర్రటి మడుగు కట్టింది. నిద్రలో కత్తి దూసినవాడు డాన్ కిహోతే. తాను నరికింది రాక్షసుణ్ణేనని, పారింది వాడి నెత్తురేనని లేచాక కూడా ఆయన నమ్మకం. అది వట్టి వైనేనని ఆయన అనుచరుడు సాంచో పాన్సా మొత్తుకుంటాడు. ఇప్పుడు నమ్మకపోయినా గుడ్లు వేయించేటప్పుడు తెలుస్తుందిలెమ్మని, అంటే సత్రం యజమాని నష్టం కట్టమన్నప్పుడు తెలుస్తుందిలెమ్మని ముక్తాయిస్తాడు. సెర్వాంతెస్ రాసిన స్పానిష్ నవల ‘డాన్ కిహోతే’ మొదటి భాగంలోని ఘట్టమిది. అది అచ్చయింది 1605లో.

వైన్ తిత్తులకూ గుడ్లకూ ఏమిటి సంబంధం? స్పెయిన్‌లో దీనికో కథ చెప్పుకుంటారు. బొగ్గులమ్మేవాడొకడు ఒకరింట్లో పని ముగించుకుని, పోతూ పోతూ పెనం కాజేశాడట. ఏమిటోయ్ పట్టుకెళ్తున్నావని ఇల్లాలు అడిగితే, ‘గుడ్లు వేయించేటప్పుడు తెలుస్తుందిలెండమ్మా’ అని చక్కా పోయాడట. పొయ్యి ముట్టించి పెనం కోసం వెతికినప్పుడు కదా ఆమెకు తెలిసేది! సాంచో నోట ఆ సామెత ఎంత సరిగ్గా పడిందో ఇప్పుడు అర్థమవుతుంది. నష్టం జరిగిపోయింది, లెక్క తర్వాత వస్తుంది.

ఫ్రాన్సు నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడిన పీటర్ మోట్యూ 1700 ప్రాంతంలో ఈ నవలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ చోట గుడ్లు తీసేసి పుడ్డింగు వడ్డించాడు. పుడ్డింగు సంగతి తింటేగాని తెలియదన్నది ఇంగ్లీషువాళ్ల సామెత. (అప్పట్లో పుడ్డింగంటే తీపి వంటకమే కాదు, పేగులో మాంసం కూరి ఉడికించేది కూడా.) వినడానికి బాగానే ఉంది. కానీ పెనం పోయింది, దొంగ పోయాడు, ఇల్లాలి నష్టమూ పోయింది. సాంచో మాట్లాడింది రుచి గురించి కాదు, పోయిన సొమ్ము గురించి. దీనికి కొసమెరుపు ఏమిటంటే, ఆ పుడ్డింగు సామెతను సెర్వాంతెస్ పేరు మీదే ఎక్కించుకున్న ఇంగ్లీషు సూక్తుల పుస్తకాలున్నాయి. పాపం ఆయన రాసింది గుడ్లు.

స్పానిష్ నేర్పే పుస్తకాల్లో ఇలాంటి పట్టికలు కొల్లలు. ఎడమవైపు స్పానిష్ సామెత, కుడివైపు దానికి ‘సమానమైన’ ఇంగ్లీషు సామెత. కొన్ని జోడీలు నిజంగానే అతుకుతాయి. దానమిచ్చిన గుర్రం పళ్లు చూడొద్దన్న మాట రెండు భాషల్లోనూ ఉంది. చెప్పులు కుట్టేవాడు తన పని దాటి మాట్లాడొద్దన్నదీ అంతే. రెండూ లాటిన్ చదువు పంచిపెట్టిన ఆస్తి. ఎరాస్మస్ 1500లో ప్యారిస్‌లో అచ్చువేసిన సూక్తుల సంకలనం లాంటివి యూరప్ అంతా తిరిగాయి. ఒకే తల్లి బిడ్డలకు పోలికలు కలవడంలో వింత లేదు.

చిక్కంతా మిగతావాటితోనే. చేతిలో ఒక పిట్ట ఉంటే చాలన్నది ఇద్దరి మాటా. కానీ స్పానిష్ పిట్టలు వంద, అవి ఎగిరిపోతున్నాయి. ఇంగ్లీషు పిట్టలు రెండే, పొదలో కూర్చునే ఉన్నాయి. ఓపిక పడితే ఆ రెండూ చిక్కినా చిక్కొచ్చు. ఎగిరే వందకు ఆశపడేవాడు మాత్రం వట్టి వెర్రివాడు. మబ్బును చూసి ముంత ఒలకబోసుకున్న మనవాడికి అతనే దగ్గరి చుట్టం.

పెందలాడే లేచినవాడికి దేవుడు తోడుంటాడంటారు స్పెయిన్‌లో. ఇంగ్లీషు పట్టికలో దేవుడి స్థానంలో పురుగు కనిపిస్తుంది, ముందు వచ్చిన పిట్టకు దొరికే పురుగు. పోనీలే, భావం అదేగా అని సరిపెట్టుకోవచ్చు. అయితే స్పానిష్‌వాళ్ల దగ్గర దీనికి ఎదురు సామెత కూడా ఉంది: ఎంత పెందలాడే లేచినా తొందరగా తెల్లారదు. ఒకరు మొదటిది అంటే బద్ధకస్తుడు రెండోది విసురుతాడు. దేవుడి సాయానికి జవాబుగా సూర్యుడు. మొదటిదాన్ని పురుగుగా మార్చేస్తే రెండోది ఎవరికి జవాబు?

కన్ను చూడనిదాన్ని గుండె బాధపడదన్న సామెతకు మరీ అన్యాయం జరుగుతుంది. కంటికి దూరమైతే మనసుకూ దూరమేనన్న ఇంగ్లీషు మాటను దాని పక్కన పెట్టేస్తుంటారు. స్పానిష్ సామెత తెలియకపోవడం గురించి, మొగుడి గుట్టు తెలియని పెళ్లాం నిశ్చింత గురించి. ఇంగ్లీషుది మరిచిపోవడం గురించి. కంటికి కనిపించనిదానికి గుండె కుమలదన్న సామెత ఇంగ్లీషులోనే వేరేగా ఉంది. చేయి కొంచెం చాచితే అందేది.

ఇదంతా చాదస్తమనేవాళ్లు సాంచోను తలచుకోవాలి. 1615లో వచ్చిన రెండో భాగంలో అతనికి ఓ ద్వీపం పాలన దక్కబోతుంది. గవర్నరు కాబోయేవాడు ఇలా సామెతలు గుప్పించకూడదని దొర డాన్ కిహోతే హితబోధ చేస్తాడు. తనకు పుస్తకానికి మించి సామెతలు వచ్చునని, అన్నీ ఒక్కసారే నోటికి వచ్చి నేను ముందంటే నేను ముందని కొట్టుకుంటాయని సాంచో వాపోతాడు. ఇకనుంచి జాగ్రత్తగా ఉంటానని మాటిచ్చి, ఆ ఊపిరిలోనే మరో నాలుగు వదులుతాడు. నవ్వంతా అక్కడే ఉంది. అవి అతని ఊరివి. వాటి స్థానంలో నున్నటి ఇంగ్లీషు సామెతలు పేరిస్తే గాడిద మీద వెళ్లే లా మాంచా రైతు పోయి, బీరు తాగే ఇంగ్లీషు రైతు మిగులుతాడు.

కార్లోస్ సౌరా 1976 సినిమా పేరు ‘క్రియా క్వెర్వోస్’. కాకుల్ని పెంచు అని అర్థం. పెంచితే నీ కళ్లే పొడుస్తాయన్న మిగతా సగాన్ని స్పెయిన్ ప్రేక్షకుడు టికెట్ కొనేటప్పుడే మనసులో పూర్తి చేసుకుంటాడు. ‘పాముకు పాలు పోసి’ అనగానే మనకు అర్థమైనట్టు.

మన సామెతలకూ ఈ పరీక్ష ఎదురైంది. కెప్టెన్ ఎం. డబ్ల్యూ. కార్ 1868లో మద్రాసులో తెలుగు సామెతల సంకలనం వేశాడు. అనువాదం, ఉదాహరణ, వివరణ అని పుస్తకం పేరులోనే మూడు మాటలు చేర్చాడు. వరస సరైనదే. ముందు సామెత ఉన్నదున్నట్టు, పోలిక ఏదైనా ఉంటే ఆ తర్వాత. ‘మనీ హైస్ట్’ లాంటి స్పానిష్ సిరీస్‌లను తెలుగులో చూస్తున్న ఈ రోజుల్లో ఇది మనకూ పట్టాల్సిన సంగతే. నడుమ ఇంగ్లీషు స్క్రిప్టు ఉంటే, అక్కడ దేవుడు పురుగైతే తెలుగులోనూ పురుగే పలుకుతుంది.

అయినా ఒక్కచోట పట్టికవాళ్లదే గెలుపు. స్పానిష్ మాట్లాడే పిల్లాడు మంచినీళ్లకని లేచి వచ్చేసరికి అతని కుర్చీలో ఇంకొకడుంటాడు. ‘సెవియాకు పోయినవాడి సియా పోయింది’ అని దబాయిస్తాడు. సియా అంటే కుర్చీ. ఉన్నదున్నట్టు అనువదిస్తే ప్రాస పోయి చప్పగా ఉంటుంది. అమెరికా పిల్లలు ఇదే సందర్భంలో కాళ్లు కదిలితే సీటు పోయినట్టేనని ప్రాస కలిపి పాడతారు. అది చాలు.

స్పానిష్ సామెత వెనక 15వ శతాబ్దపు గొడవ ఒకటుందని చెబుతారు. సెవియా ఆర్చిబిషప్పు అలోన్సో దె ఫోన్సెకా, అల్లర్లలో ఉన్న సాంతియాగోను మేనల్లుడి కోసం చక్కబెట్టడానికి వెళ్తూ సెవియా పీఠాన్ని ఆ మేనల్లుడికే అప్పగించాడు. తిరిగొచ్చాక అతను లేవనన్నాడు. నిజానికి పీఠం పోగొట్టుకున్నవాడు సెవియాకు పోయినవాడు కాదు, సెవియా నుంచి పోయినవాడు. ఆ మేనల్లుడి పేరు కూడా అలోన్సో దె ఫోన్సెకానే.